జీరో కప్పులో ఏముంది?

"ఆ పిల్లని జీపెక్కించే ముందు నన్నొకసారి మాట్లాడనివ్వండి" అన్నాను.

సి.ఐ. అంకారావు నా వంక చూసి నవ్వాడు. ఆ నవ్వు నాకు కొత్తేం కాదు. నేను డిపార్ట్‌మెంటులో ఏఎస్సైగా ఉన్నప్పుడూ అలాగే నవ్వేవాడు, ఉద్యోగం మానేసి గుంటూరు బ్రాడీపేటలో డిటెక్టివ్ ఆఫీసు తెరిచాకా అలాగే నవ్వుతున్నాడు. చూస్తే ఒళ్ళు మండుతుంది.

"ఓహో, రెబ్కా గారా! పెళ్ళికొడుకుల గుణగణాలు ఆరా తీసే పని ఏమైందండీ?"

"మూఢం కదండీ, పెళ్ళిళ్ళు లేవు. ఖాళీగా ఎందుకు కూర్చోవడం, మీ కేసు చూసి పోదామని వచ్చా."

"ఇక్కడ చూడ్డానికేం లేదు. అయిపోయింది."

"అయిపోతే మంచిదే. పది నిమిషాల్లో మీకొచ్చే నష్టమేంటి?"

అంకారావు వాచీ చూసుకున్నాడు. నాలుగవుతోంది. చీకటి పడేలోపు మేజిస్ట్రేటు ముందు పెట్టాలని అతని తొందర. "సరే, కానివ్వండి. నేను గుమ్మంలోనే ఉంటా" అన్నాడు.

జరిగింది ఇదీ. అద్దంకి రోడ్డు మీదున్న ఈ మిర్చి వేవ్స్ పార్కుకి రిటైరైన హెడ్మాస్టరు ఇమ్మానుయేలు గారు వచ్చారు. వాళ్ళ ఊరి చర్చిలో పిల్లలకి వేసవి బైబిలు క్లాసులు అయిపోయాయి. ఆ సంబరానికి పిల్లల్ని రెండు జట్లు చేసి, నిన్న ఒక జట్టునీ ఈరోజు ఒక జట్టునీ ఇక్కడికి తీసుకొచ్చారు. రెండు రోజులూ పెద్దదిక్కుగా వచ్చింది మాస్టారూ, ఆయన స్నేహితుడు ప్రేమదాసూ. ఈరోజు మధ్యాహ్నం ఒకటిన్నరకి డ్రింకుల కౌంటరు పక్కన మాస్టారు కప్పెత్తి తాగుతూ తాగుతూ కూలబడిపోయారు. ముందు అందరూ ఎండదెబ్బ అనుకున్నారట, తర్వాత చూస్తే ఆ కప్పు పురుగుమందు వాసన కొట్టింది. ఇప్పుడాయన గుంటూరులో ఐసీయూలో ఉన్నారు, స్పృహ లేదు. ఆ కప్పు నింపి ఇచ్చిన పిల్ల ధనశ్రీ. వాళ్ళమ్మ వెంకాయమ్మ నాకు ఫోన్ చేసి ఏడుస్తుంటే సగం మాటలు అర్థం కాలేదు. అర్థమైన సగానికే కారు తీశాను.

సెక్యూరిటీ గదిలో మూలన బల్ల మీద కూర్చుని ఉంది ధనశ్రీ. ఇరవై రెండేళ్ళుంటాయి. పార్కు వాళ్ళిచ్చిన ఎర్ర టీషర్టు. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది.

"నేను మీ అమ్మ పంపిన మనిషిని. ఏడవడం తర్వాత, ముందు సమాధానాలు చెప్పు. మాస్టారితో నువ్వు గొడవ పడ్డావా?"

"పడ్డాను మేడం."

గుమ్మంలోంచి అంకారావు "విన్నారా?" అన్నాడు.

"నా చెవులు బానే ఉన్నాయి. గొడవెందుకమ్మా?"

"ఆయన కప్పు మూత ఊడదీశారు. తాళంచెవి పెట్టి లేపేశారు. మూత లేని కప్పు నింపకూడదని మాకు రూలు. గట్టిగా అడిగాను. 'స్ట్రా నోట్లో పెట్టుకుని ఇద్దరం తాగితే ఎంగిలి కాదా తల్లీ, ఎత్తి పోసుకుంటాంలే' అన్నారు. మళ్ళీ నాకే సిగ్గేసింది. మా బళ్ళో పాఠం చెప్పిన మాస్టార్ల వయసాయన. ఇంకేం అనకుండా నింపిచ్చాను."

"ఎన్నిసార్లు నింపావు?"

"లెక్కెవరు పెడతారు మేడం? కప్పు ఒకసారి కొంటే రోజంతా ఎన్నిసార్లయినా నింపుకోవచ్చు. కానీ నిన్నటికంటే ఈరోజు ఎక్కువసార్లొచ్చారు. తాగుతారు, బాత్రూంకెళ్తారు, మళ్ళీ వస్తారు. ఎంత తాగినా దాహం పోవట్లేదమ్మా అంటారు."

"ఏ డ్రింకు?"

"జీరో. గ్రీన్ కప్పు. షుగరున్నవాళ్ళకి అదే కదా. నాకు సూదేసుకునే షుగరమ్మా, ఎర్ర కప్పు ఇవ్వకు అని ముందే చెప్పారు."

నేను తలూపాను. "నీ స్కూటీలో పురుగుమందు డబ్బా ఎందుకుంది?"

"నాన్న తెమ్మన్నాడు. బెండతోటకి పురుగు పట్టింది. డ్యూటీకొచ్చేటప్పుడు బ్యాగులో ఉంటే గేటు దగ్గర ఆపేశారు, లోపలికి తేకూడదన్నారు. వెనక్కెళ్ళి డిక్కీలో పెట్టి వచ్చాను. అప్పుడు దాని సీలు తియ్యలేదు మేడం, ఒట్టు!"

"గేటు దగ్గర ఎవరెవరు చూశారు?"

"సెక్యూరిటీ మాబు అంకుల్ చూశారు. సాయిగణేష్ సార్ కూడా అక్కడే ఉన్నారు, నన్ను కేకలేశారు. మా డ్రింకుల మేనేజరు."

"స్కూటీ తాళం?"

"ఈ గదిలోనే ఉంటాయండి. ఫోనూ తాళాలూ ఆ ట్రేలో పెట్టకపోతే డ్యూటీకి రానివ్వరు."

ఆ మాటకి నేను ట్రే వంక చూశాను. గోడకి కొట్టిన చెక్క అర మీద ఉంది, మూతా లేదు, తాళమూ లేదు. ఎవరైనా చెయ్యి పెట్టి తీసుకోవచ్చు.

ధనశ్రీ నా చెయ్యి పట్టుకుంది. "మేడం, కానిస్టేబుల్ సెలెక్షన్ లిస్టులో నా పేరొచ్చింది. మూడేళ్ళు పరిగెత్తాను దానికోసం. కేసు పెడితే పేరు కొట్టేస్తారంట కదా? సార్ అన్నారు."

ఆ పరుగు నేనూ పరిగెత్తాను ఒకప్పుడు. ఏమీ హామీ ఇవ్వకుండా లేచి బయటికొచ్చాను.

"ఇంకేమన్నా కావాలా?" అన్నాడు అంకారావు. అతని వెనకున్న లేడీ కానిస్టేబుల్ లోపలికెళ్ళి ధనశ్రీని జీపు దగ్గరికి నడిపించింది. "కెమెరాలో గొడవ ఉంది. ఆఖరి కప్పు నింపింది ఆ అమ్మాయే. కప్పు నిండా కంపు. డిక్కీలో సీలు తీసిన డబ్బా, కొంచెం తగ్గింది కూడా. ఆఖరి కప్పు తాగినాయన పడిపోయాడు, తాగని ప్రేమదాసు గుండ్రాయిలా తిరుగుతున్నాడు. ముప్పై ఏళ్ళుగా ఈ ఏరియాలో పురుగుమందు కేసులు చూస్తున్నానండీ నేను."

"మూత ఊడదీశాడని మనిషికి పురుగుమందు పోస్తారా? అలాగైతే ఈ పార్కు నుంచి ఒక్క కుటుంబం కూడా తిరిగి ఇంటికి పోదు."

"కోపం వస్తే ఏమైనా చేస్తారు."

"మీ మీద నాకెప్పట్నుంచో కోపం. మీరు బతికే ఉన్నారు కదా?"

అంకారావు మొహం ఎర్రబడింది. "మీరు డిపార్ట్‌మెంటు వదిలేశారు. ఇది మర్చిపోకండి. నేను పొమ్మంటే గేటు బయట నిలబడాలి మీరు."

"అనండి మరి. ఆ పిల్ల తల్లి లాయరుని పెట్టుకున్నాక, సీన్ చూస్తానంటే సి.ఐ. గారు గెంటేశారని కోర్టులో చెప్తాను."

అతను పళ్ళు కొరికాడు కానీ పొమ్మనలేదు. నేను డ్రింకుల కౌంటరు వైపు నడిచాను. వెనకే వచ్చాడు, నేనేం ముట్టుకుంటానో అని.

సాయిగణేష్ మాకు ఎదురొచ్చాడు. ముప్పై లోపు వయసు, మెళ్ళో ట్యాగు, చేతిలో వాకీటాకీ, మొహం నిండా మర్యాద. "నమస్తే మేడం, ఎండలో వచ్చారు. ఒక కప్పు ఇప్పించనా?"

"వద్దు బాబూ, నాకు దాహం లేదు. మీ వ్యాపారం ఎలా సాగుతుందో చెప్పు."

వ్యాపారం అనగానే కుర్రాడికి ఊపొచ్చింది. జనం తెచ్చుకున్న నీళ్ళ సీసాలు గేటు దగ్గరే తీయించేస్తారట. లోపల నీళ్ళ సీసా ధర, కప్పు ధర పక్కపక్కనే బోర్డు మీద రాస్తారట, కప్పే నయమనిపించేలా. కప్పుకి తాడుంటుంది, మెళ్ళో వేసుకుని తిరగొచ్చు, ఒకరిని చూసి ఇంకొకరు కొంటారు.

"మొదట్లో మామూలు మూతలే ఉండేవండి. ఒక్క కప్పు కొని ఇంటిల్లిపాదీ ఎత్తి పోసుకుని తాగేసేవాళ్ళు. మనవాళ్ళు ఎంగిలి తాగరు కదా! అందుకని స్ట్రా మూతకే అతికించి, మూత ఊడకుండా బిగించాం. ఇప్పుడు మనిషికో కప్పు కొనాల్సిందే. ఐడియా నాదే మేడం."

"బ్రహ్మాండం. మరి తాళంచెవితో లేపేస్తున్నారుగా?"

"అలాంటోళ్ళు ఉంటారండి" అని నవ్వాడు.

కౌంటరు మీద రెండు కుళాయిలు. ఒకదాని మీద ఎర్ర బొమ్మ, రెండోదాని మీద ఆకుపచ్చ బొమ్మ. ఆకుపచ్చ దాని పైన పెద్ద బోర్డు: 'జీరో. షుగర్ ఉన్నవారు నిశ్చింతగా తాగవచ్చు.'

"మాస్టారు పడిపోగానే ఏం చేశావు?"

"పరిగెత్తుకొచ్చాను. కప్పు నా దగ్గర భద్రంగా పెట్టాను. సాక్ష్యం కదండీ."

"సాక్ష్యమా? అప్పటికి అందరూ ఎండదెబ్బ అనుకుంటున్నారుగా. నీకొక్కడికే అది సాక్ష్యమని ఎలా తట్టింది?"

అతని నవ్వు ఒక్క క్షణం ఆగి మళ్ళీ వచ్చింది. "వాసనొచ్చింది మేడం. గుప్పుమంది."

"సరే. ఉండు ఇక్కడే."

ప్రేమదాసు కొంచెం దూరంలో సిమెంటు బల్ల మీద తల పట్టుకుని కూర్చున్నాడు. మాస్టారి ఈడువాడే, వ్యవసాయం చేసిన చేతులు. పిల్లల్ని బస్సులో పంపించేసి, స్టేట్‌మెంటు కోసం పోలీసులు ఆపితే ఆగిపోయాడట.

"నన్ను ఆసుపత్రికి పోనివ్వండమ్మా. వాడక్కడ ఒక్కడే ఉన్నాడు" అన్నాడు నన్ను చూడగానే.

"పంపిస్తా అన్నా. రెండే ప్రశ్నలు. ఆఖరి కప్పు ఎలా తాగారు ఆయన?"

"తల వెనక్కి వాల్చి ఎత్తి పోసుకున్నాడు. చెయ్యి వణికింది. సగం నోట్లో పడింది, సగం గుండెల మీద పడింది. కళ్ళు తేలేసి కూలబడ్డాడు. కప్పు నేనే పట్టుకున్నా, కింద పడకుండా. ఇంకా అడుగున కొంచెం ఉందందులో. తర్వాత ఆ మేనేజరు బాబు వచ్చి నా చేతిలోంచి తీసుకున్నాడు."

"మీ చేతిలో ఉన్నప్పుడు పురుగుమందు వాసనొచ్చిందా?"

ప్రేమదాసు తలెత్తాడు. "నలభై ఏళ్ళు పత్తికీ మిరపకీ మందు కొట్టానమ్మా. చుక్క ఉన్నా నాకు తెలిసిపోద్ది. ఏ వాసనా లేదు. ఇదే మాట సారుకి చెప్తే, కంగారులో నీకు తెలిసుండదులే అన్నారు."

నేను అంకారావు వంక చూశాను. అతను ఆకాశం వంక చూశాడు.

"ఆ చొక్కా ఏమైంది?" అని అడిగాను.

"ఏ చొక్కా?" అన్నాడు అంకారావు.

"సగం డ్రింకు గుండెల మీద పడిందన్నారు కదా. ఆ చొక్కా."

"కప్పు సీజ్ చేశాం. చొక్కాతో ఏం పని?"

సమాధానం మాబు సాహెబ్ చెప్పాడు. సెక్యూరిటీ పెద్దాయన, మా వెనకే నిలబడి వింటున్నాడు. "తడిసిపోయిందని ఫస్ట్ ఎయిడ్ గదిలో విప్పేశారమ్మా. అంబులెన్సులో బనీనుతోనే పంపాం. అక్కడే ఉండాలి."

నేను వెంటనే అటు నడిచాను. సాయిగణేష్ "ఆ గది శుభ్రం చేయించాలి మేడం, చెత్తగా ఉంది" అంటూ వెంటపడ్డాడు. ఆ మాటతో ఇంకా వేగంగా నడిచాను.

చిన్న గది, ఒక మంచం, ఒక కుర్చీ. కుర్చీ వీపు మీద తెల్ల చొక్కా వేసి ఉంది. కాలరు నుంచి పొట్ట దాకా గులాబీ రంగు మరక. ఆ ముక్క ఎండిపోయి గంజి పెట్టినట్టు బిర్రుగా నిలబడింది. కిటికీ మీంచి గోడ వెంట, గోడ మీంచి కుర్చీ కాలు వెంట, బారులు బారులుగా చీమలు. మరక మీద ఖాళీ లేదు. ఎర్ర చీమలు ఒకదాని మీదొకటి ఎక్కి తిరుగుతున్నాయి.

"అంకారావు గారూ, ఇలా రండి. ఏంటివి?"

"చీమలు. ఏం, మీకు కనబడ్డం లేదా?"

"బతికున్నాయా, చచ్చాయా?"

అతను వంగి చూశాడు. నెమ్మదిగా చూశాడు. ఒక్క చీమ కూడా చచ్చిపడి లేదు, కింద నేల మీద కూడా.

"ముప్పై ఏళ్ళ అనుభవం మీది. పురుగుమందు కలిసిన దాని మీద చీమలు ఇలా పండగ చేసుకుంటాయా?"

"ఇది అంతకుముందు తాగినప్పటి మరకేమో."

ప్రేమదాసు గుమ్మంలోంచే కేకేశాడు. "లేదు సార్! ఆ కప్పు తాగేదాకా చొక్కా మల్లెపువ్వులా ఉంది. నా కళ్ళెదురుగా పడింది మరక."

"అంటే నోట్లోకెళ్ళిందీ చొక్కా మీద పడిందీ ఒకటే" అన్నాను. "అందులో పురుగుమందు లేదు. కప్పు మీ సాక్ష్యంగా మారింది ప్రేమదాసు చెయ్యి దాటాకే."

నేనాగలేదు.

"ఇంకోటి చూడండి. మాస్టారు తాగింది ఏ కప్పు? జీరో. పంచదార ఉండదని బోర్డు రాసి అమ్ముతున్న కప్పు. పంచదార లేని మరక మీదకి ఇన్ని చీమలు ఎందుకొచ్చాయి సార్?"

అంకారావు చూపుడువేలు మరక మీద పెట్టి తీశాడు. వేలు బంకగా అంటుకుంది. వేలి వంక చూసుకుని, తలతిప్పి సాయిగణేష్ వంక చూశాడు. అతని మొహంలో ఇందాకటి నవ్వు లేదు.

"ముందు ఆసుపత్రికి ఫోన్ చెయ్యండి" అన్నాను. "ఆయన సూదేసుకునే షుగరు పేషెంటు. రెండు రోజులుగా పంచదార పానకం తాగుతున్నాడు. దాహం, బాత్రూం, మళ్ళీ దాహం. షుగరు పెరిగేకొద్దీ దాహమేసింది, దాహమేసేకొద్దీ తాగాడు. అక్కడేమో పురుగుమందుకి విరుగుడిస్తూ కూర్చున్నారు!"

అంకారావు ఫోన్ తీశాడు. పోలీసనగానే ఐసీయూ డ్యూటీ డాక్టరు లైన్లోకి వచ్చాడు. స్పీకరు పెట్టించాను.

"షుగరు చూశారా డాక్టరు గారూ?"

"చూశామండి. మెషీన్లో అంకె రాలేదు, 'హై' అని చూపించింది. పురుగుమందు తాగినవాళ్ళలో కూడా అలా పెరుగుతుంది. కొద్దిగా ఇన్సులిన్ ఇచ్చి, మిగతాది పురుగుమందు కేసుగానే చూస్తున్నాం. దారిలో మొదట చూసిన డాక్టరు, కప్పు పురుగుమందు వాసన కొట్టిందని విని విరుగుడు వేసేసి ఇక్కడికి పంపారు."

"పురుగుమందు ఆయన నోట్లోకే వెళ్ళలేదు. ఆయన ఇన్సులిన్ పేషెంటు. రెండు రోజులుగా లీటర్ల కొద్దీ పంచదార నీళ్ళు తాగాడు."

"ఖచ్చితంగానా?"

"పోలీసు మాట" అన్నాడు అంకారావు. ఆ ఒక్క మాటకి అతన్ని సగం క్షమించేశాను.

"పెట్టేస్తున్నా" అని డాక్టరు ఫోన్ కట్ చేశాడు. ప్రేమదాసు గుమ్మానికి చేరగిలబడి కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు.

సాయిగణేష్ అప్పుడు నోరు విప్పాడు. "సార్, చీమల్ని చూసి కేసు నడిపిస్తారా? జీరో మా కంపెనీ సిరపు. ల్యాబుకి పంపండి, తేలిపోతుంది."

"కప్పు ల్యాబుకి పంపితే పురుగుమందు ఉందా లేదా అనే చూస్తారు, పంచదార ఎవరు చూస్తారు? అందుకే కదా పోశావు" అన్నాను. "కౌంటరు వెనక గది తలుపు తియ్యి."

"తాళం టెక్నీషియన్ దగ్గరుందండి. రేపొస్తాడు."

"మాబు సాహెబ్ గారూ" అన్నాడు అంకారావు, సాయిగణేష్ మీంచి చూపు తిప్పకుండానే. "పలుగుందా?"

కౌంటరు దగ్గరికి వెళ్ళేసరికి పలుగొచ్చింది. రెండు దెబ్బలకి తాళం ఊడింది. లోపల మోటారు రొద. కౌంటరు మీది ఎర్ర కుళాయికీ, ఆకుపచ్చ కుళాయికీ వెనకనుంచి రెండు పైపులు దిగాయి. రెండూ వచ్చి ఒకే డ్రమ్ములో మునిగి ఉన్నాయి. డ్రమ్ము మీద ఎర్ర లేబులు. ఆకుపచ్చ లేబులున్న డ్రమ్ము గది మూలన పడి ఉంది, దుమ్ము పట్టి, ఎప్పటిదో ఖాళీది.

నాకు ఆ కుర్రాణ్ణి చెంప మీద లాగి కొట్టాలనిపించింది. డిపార్ట్‌మెంటులో ఉంటే కొట్టేదాన్నేమో కూడా.

"జీరో సరుకు రాలేదు సార్" అన్నాడు సాయిగణేష్, గొంతు సన్నబడింది. "కుళాయి మూసేస్తానంటే పైవాళ్ళు ఒప్పుకోలేదు. బోర్డు ఉండాలన్నారు. ఒక కప్పు తాగితే ఎవరికేమవుతుంది అనుకున్నా."

"ఒక కప్పా? రోజంతా ఎన్నిసార్లయినా నింపుకోమని అమ్మేది నువ్వే కదరా!" అని అరిచాను.

"తాళం సంగతి నేను చెప్తా సార్" అన్నాడు మాబు సాహెబ్ ముందుకొచ్చి. "మాస్టారిని ఫస్ట్ ఎయిడ్‌కి మోసుకెళ్ళాక ఈయన మా గదికొచ్చాడు. ధనశ్రీ బండి ఎండలో ఉంది, నీడలో పెడతానని తాళం తీసుకున్నాడు. ఏనాడూ లేని దయ ఇవాళేంటా అనుకున్నా. నోరు మూసుకోవడం నా తప్పే, ఉద్యోగం పోతుందని భయపడ్డా."

"ధనశ్రీనే ఎందుకు?" అని అడిగాడు అంకారావు.

సాయిగణేష్ నేల చూపులు చూశాడు. "డబ్బా తన దగ్గరుందని తెలుసు సార్. పైగా... తనకి అనుమానం వచ్చింది. జీరో కూడా చేతికి అంటుకుంటోంది సార్, రెండూ ఒకటేలా ఉన్నాయి అని మొన్న అడిగింది."

"నువ్వేమన్నావు?"

"చేతులు కడుక్కోమన్నాను."

అంకారావు అతని చొక్కా పట్టుకుని కానిస్టేబుల్ చేతికి తోసేశాడు. తర్వాత జీపు దగ్గరికి వెళ్ళాడు, నేనూ వెళ్ళాను. వెనక సీట్లో ధనశ్రీ మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఉంది.

"దిగమ్మా" అన్నాడు. అంతకంటే మెత్తగా అతను మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. "నీ మీద కేసు లేదు. నీ లిస్టు సంగతి నేను చూసుకుంటా, అవసరమైతే ఎస్పీ గారితో నేనే మాట్లాడతా."

ఆ పిల్ల దిగింది. ఏం జరిగిందో నాలుగు ముక్కల్లో చెప్పాను. సంతోషిస్తుందనుకున్నా, భోరుమంటుందనుకున్నా. రెండూ చెయ్యలేదు. రంగు పోయిన మొహంతో నన్నే చూస్తూ నిలబడింది.

"మేడం... గ్రీన్ కప్పులు మాస్టారొక్కరే కొనలేదు."

ఇంతసేపూ ఈ మాట నాకెందుకు తట్టలేదు? నన్ను నేనే తిట్టుకున్నా.

"ఎంతమంది?"

"ఇవాళే చాలామంది. సెలవులు కదా, అమ్మమ్మల్నీ తాతయ్యల్నీ తీసుకొచ్చారు. పెద్దవాళ్ళందరికీ జీరో తీసుకోండని నేనే చెప్పాను. నా చేత్తోనే నింపాను."

చెప్తూనే పరిగెత్తింది. మూడేళ్ళు పరిగెత్తిన పరుగది, మేమెవరం అందుకోలేకపోయాం. మేం వెళ్ళేసరికి అనౌన్స్‌మెంటు గదిలో మైకు పట్టుకుని ఉంది. "గ్రీన్ కప్పు కొన్నవాళ్ళెవరూ తాగకండి! పారబోయండి! షుగరున్నవాళ్ళు వెంటనే ఫస్ట్ ఎయిడ్ గదికి రండి! జీరోలో పంచదార ఉంది!" గొంతు బొంగురుపోయేదాకా అదే చెప్పింది. అడ్డుకోబోయిన పార్కు మనిషిని అంకారావు మెడబట్టి బయటికి పంపాడు.

జనం వచ్చారు. అత్తగారిని చెయ్యి పట్టుకుని నడిపించుకొస్తున్న కోడళ్ళు, తండ్రిని ఎత్తుకొచ్చిన ఒక కొడుకు. మాబు సాహెబ్ రెండు అంబులెన్సులు పిలిపించాడు. ఇంతలో ఐసీయూ నుంచి ఫోనొచ్చింది. మాస్టారికి సరైన వైద్యం మొదలైంది, ఇప్పుడే ఏమీ చెప్పలేం కానీ చెయ్యి కదిలించాడట. ప్రేమదాసు నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు.

ధనశ్రీ మాత్రం వచ్చినవాళ్ళ మొహాలు వెతుకుతోంది. ఒక్కొక్కరినీ చూసి తల అడ్డంగా ఊపుకుంటోంది.

"ఎవరికోసం?" అన్నాను.

"చీరాల నుంచి పొద్దున ఒక బస్సొచ్చింది మేడం. పొద్దున్నే నడిచేవాళ్ళ సంఘమంట, అందరూ పెద్దవాళ్ళే. బోర్డు చదివి, మా గురించి కూడా ఆలోచించారమ్మా అని నన్ను తెగ మెచ్చుకున్నారు. సగం మంది గ్రీన్ కప్పులే. వెళ్ళేటప్పుడు దారిలో తాగడానికని మళ్ళీ నిండా పోయించుకున్నారు. వాళ్ళు లేరిక్కడ. వెళ్ళిపోయారు."

పార్కింగు చీటీ మీద డ్రైవరు నంబరుంది. మాబు సాహెబ్ తెచ్చిచ్చాడు. అంకారావు డయల్ చేసి స్పీకరు పెట్టాడు. చాలాసేపు మోగాక ఎత్తాడు. వెనకనుంచి సినిమా పాట పెద్దగా వినబడుతోంది.

"బస్సెక్కడుంది?"

"పర్చూరు దాటామండి. ఎవరు?"

"పోలీసు. పాట ఆపు. బస్సు పక్కకి తియ్యి. నీ ప్యాసింజర్లు ఎలా ఉన్నారు?"

"బానే ఉన్నారు సార్. దారంతా కూల్‌డ్రింకులు తాగుతూ గోలగోల చేశారు. ఇప్పుడు అలిసిపోయి పడుకున్నారు."

"లేపు. ఒక్కొక్కరినీ తట్టి లేపు. ఫోన్ పెట్టేయకు."

బ్రేకు చప్పుడైంది. పాట ఆగింది. డ్రైవరు బస్సులో వెనక్కి నడుస్తూ పిలుస్తున్నాడు. "బాబాయ్ గారూ... అమ్మా... లేవండమ్మా..." ఎవరో విసుక్కున్నారు, ఎవరో ఊరొచ్చిందా అన్నారు. ధనశ్రీ నా భుజం గట్టిగా పట్టుకుంది. డ్రైవరు గొంతు ఇంకా వెనక్కి వెళ్ళింది, ఒకే మనిషిని మళ్ళీ మళ్ళీ పిలుస్తోంది. తర్వాత ఫోను దగ్గరికి పరిగెత్తుకొచ్చిన చప్పుడు.

"సార్, ముందు సీట్లలో వాళ్ళు లేచారు సార్. వెనక వరసలో ఇద్దరు... ఎంత కుదిపినా లేవట్లేదు."